బారువ ఇసుకలో గుడారానికి చోటు వెతికిన వైనం

కనుమ నాటి మధ్యాహ్నం భోజనాల దగ్గర, సంక్రాంతికి కాలిఫోర్నియా నుండి వచ్చిన మా మేనల్లుడు, "మావయ్యా, పిల్లలతో ఒక రాత్రి సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుని పడుకోవాలని ఉంది. ఇక్కడ ఏ బీచ్‌లో ఏ సైటు బాగుంటుంది?" అని అడిగాడు. బీచ్ పేరైతే నేను వెంటనే చెప్పగలిగేవాణ్ణి. సైటు అన్న మాట దగ్గరే నాకు నవ్వు వచ్చింది.

అతడు అలా అడగడంలో తప్పేమీ లేదు. అక్కడి సముద్రతీరపు స్టేట్ పార్కులలో ప్రతి గుడారపు స్థలానికీ ఒక అంకె, దాని పక్కన ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప చట్రం, కారు నిలిపే జాగా ముందే ఏర్పాటై ఉంటాయి. కాలిఫోర్నియాలో ఆ స్థలాలను ఆరు నెలల ముందే కంప్యూటరులో పటం చూసి ఎంచుకుంటారు. మరుగుదొడ్లకు మరీ దగ్గరైతే రాత్రంతా తలుపుల చప్పుడు, దారి మలుపులో ఉంటే వచ్చిపోయే కార్ల దీపాలు, కొండ అంచున ఉంటే ఈదురుగాలి, ఇలా ఆ పటంలోనే బేరీజు వేసుకుంటారట. వాట్సన్‌విల్ దగ్గరి సన్‌సెట్ స్టేట్ బీచ్‌లో ఒకసారి ఇసుక దిబ్బల చాటున, పైన్ చెట్ల నడుమ చోటు దొరికిందని, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఎవరూ గొంతు పెంచకూడదన్న నియమం వల్ల హాయిగా నిద్రపట్టిందని, రకూన్లనే అడవి జంతువులు మాత్రం రొట్టెల సంచీ ఎత్తుకుపోయాయని అతడు చెప్పుకొచ్చాడు. నీరు ఎంతవరకు వస్తుందో, గాలి ఎటు వీస్తుందో, ఎవరి దారికి అడ్డమవుతుందో అక్కడ ఇంకెవరో ఎప్పుడో ఆలోచించి అంకె వేశారు. మన తీరాన ఆ ఆలోచన అంతా గుడారం వేసేవాడే, అదీ పొద్దు వాలేలోగా చేసుకోవాలి.

ముందు ఊరు తేల్చుకున్నాము. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉన్నప్పటికీ, రాత్రి పడుకోదగిన తీరం అందులో చాలా తక్కువ. కళింగపట్నం మాకు దగ్గరే గాని పండగ రోజులలో అక్కడ జనం, దీపాలు, మైకుల హోరు అర్ధరాత్రి వరకు తగ్గవు. మూలపేట, భావనపాడు వైపు ఓడరేవు పనుల లారీలు తిరుగుతున్నాయి. పలాస దగ్గరి శివసాగరం మంచిదే, కాని పండగ సెలవులలో దానికీ కళింగపట్నం గతే పడుతుంది. విజయనగరం జిల్లాకు ఉన్నది 30 కిలోమీటర్లైనా లేని తీరం. అందులో చింతపల్లి రాళ్ళు, దీపస్తంభం పిల్లలకు చూపించదగినవే గాని విశాఖ నుండి వచ్చే కార్లు సెలవు రోజున అక్కడ బారులు తీరుతాయి. చివరకు బారువకు ఓటు వేశాము. జాతీయ రహదారి మీద నరసన్నపేట, టెక్కలి, పలాస దాటి సోంపేట వైపు తిరిగితే వచ్చే ఆ ఊరి దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. ఒకప్పటి ఓడరేవు కావడం వల్ల అక్కడ దీపస్తంభం ఉంది. 1917లో మునిగిపోయిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలాలు ఇప్పటికీ ఆ నీటి అడుగున ఉన్నాయి. ఆ ఓడ సంగతి చెబితే పిల్లలు దారిలో అల్లరి చేయకుండా కూర్చుంటారని నా లెక్క, ఆ లెక్క తప్పలేదు.

కాలం విషయంలో మాత్రం నేను రాజీ పడను. గులాబ్ తుపాను 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస ప్రాంతంలో దాటింది. సెప్టెంబరు చివరి నుండి నవంబరు దాటే వరకు మన ఒడ్డున గుడ్డ కప్పు కింద పడుకోవాలనుకోవడం వేడుక కాదు, మూర్ఖత్వం. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు ఆకాశం తేటగా ఉంటుంది. ఆ రోజులలోనే తాబేళ్ళు కూడా ఒడ్డుకు వస్తాయన్నది వేరే చిక్కు, దాని గురించి తరువాత చెబుతాను.

కనుమ మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకల్లా మేము ఇసుక మీద ఉన్నాము. తొందరగా వెళ్ళడానికి కారణం ఉంది. చోటును వెలుగులో చూడాలి, దానితోపాటు ఊరివారు మెలకువగా ఉండగా వారిని అడగాలి. ఊరిలో దిగగానే ఇద్దరు పెద్దమనుషులకు చెప్పి, పోలీసు వారికి కూడా ఫోనులో తెలియజేసి గాని మేము సామాను దించలేదు. నీరు అప్పుడు దిగి ఉంది. అల తాకి వెనుదిరిగిన చోట ఇసుక నున్నగా, చదునుగా, సిమెంటు గచ్చులా గట్టిగా కనిపిస్తుంటే మా మేనల్లుడు అక్కడే కాలితో తట్టి చూసి, "మావయ్యా, ఇంతకంటే సమమైన నేల ఎక్కడ దొరుకుతుంది, ఇక్కడే వేద్దాం" అన్నాడు. నేల అంత సమంగా ఉండటానికి కారణం సముద్రం దానిని రోజుకు రెండుసార్లు తోమి పోవడమేనని, ఆ పూట అమావాస్య మరునాడే కాబట్టి పోటు మామూలు కంటే ఎక్కువగా వచ్చి, మేము అన్నాలు తినే వేళకు అతడు నిలబడిన చోటు మోకాటి లోతు నీటిలో ఉంటుందని చెప్పాను. అతడు నమ్మాడో లేదో గాని వాదించలేదు.

పోటు ఎంతవరకు వస్తుందో చెప్పే గీత ఇసుక మీదే రాసి ఉంటుంది, అయితే గీతలు రెండు. కింది గీత ఆ ఉదయపు పోటుది, దానిలో నాచు, చిన్న గవ్వలు తడితడిగా ఉంటాయి. దానికి పైన పది పదిహేను అడుగుల దూరంలో ఇంకొకటి, ఎండిపోయిన గుర్రపుడెక్క కాడలు, కొబ్బరి చిప్పలు, థర్మోకోలు ముక్కలు, తెగిన వలల పోగులు, ఎవరిదో ఒంటికాలి చెప్పు, ఇటువంటి వాటితో సన్నని కట్టలా ఉంటుంది. అది పెద్ద పోటు వదిలిన గీత. చాలామంది కింది గీతను చూసి మోసపోతారు. నేను పై గీతను కూడా నమ్మను, దాని వెనుక మొక్క మొలిచిన చోటు నుండే లెక్క మొదలుపెడతాను. మేక గిట్ట ఆకారపు ఆకులతో, ఊదారంగు పువ్వులతో ఇసుక మీద పాకే తీగ పచ్చగా ఉన్నదంటే అక్కడికి మామూలు రోజులలో ఉప్పునీరు చేరడం లేదని అర్థం. దాని వెనుక రావణాసురుడి మీసాలనే ముళ్ళ గడ్డి గుంపులు గుంపులుగా ఉంటే ఇంకా మంచిది. అయితే ఆ మీసాల మధ్య మాత్రం గుడారం వేయకూడదు, వాటి ముళ్ళు అడుగు పట్టాను గుచ్చి లోపలికి వస్తాయి.

నీటి విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. చదువుకునే రోజులలో నలుగురు స్నేహితులము కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే మొగకు కొంచెం దూరంలో, పౌర్ణమి మర్నాటి రాత్రి టార్పాలిన్ పట్టాతో చేసుకున్న గుడారంలో పడుకున్నాము. సముద్రానికి ఎదురుగా మనిషెత్తు ఇసుక గట్టు ఉంది, మేము దాని వెనుక పల్లంలో వేశాము, గాలి తగలదు, అల అందదు, ఇంతకంటే తెలివైన చోటు లేదని ఒకరి వీపు ఒకరు తట్టుకున్నాము. పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకే పోటు అన్నిటికంటే ఎక్కువగా వస్తుందని మాలో ఎవరికీ తెలియదు. రాత్రి పదిన్నర ప్రాంతంలో వీపు చల్లగా తగిలి లేచి చూస్తే నీరు మా వెనుక నుండి వచ్చింది. ముందున్న గట్టును సముద్రం దాటనే లేదు. మొగలోకి ఎక్కిన పోటు నీరు ఏటిని నింపి, ఏటి పక్కనున్న పాయ గుండా చుట్టూ తిరిగి, చప్పుడు లేకుండా మా పల్లంలోకి చేరింది. గట్టు ఎక్కి కూర్చుని, తడిసిన దుప్పట్లతో, తెల్లవారే దాకా ఒకరిని ఒకరు తిట్టుకున్నాము. అప్పటి నుండి ఏటి మొగ దగ్గరైనా, ఉప్పుటేరు దగ్గరైనా సముద్రం వైపు ఒకసారి చూస్తే వెనుక వైపు రెండుసార్లు చూస్తాను. బారువలోనూ మహేంద్రతనయ మొగ కంటికి కనిపించని దూరం వరకు నడిచి గాని ఆగలేదు.

నీటికి దూరంగా జరిగితే చెట్లు వస్తాయి. పిల్లలు కొబ్బరి చెట్ల కింద వేద్దామన్నారు, ఫొటోలలో కనిపించే తీరం అదే గదా. ఈ ఉద్దానం ప్రాంతపు కొబ్బరి కింద పడుకోవడం గురించి నాకు ఒకే మాట ఉంది: కాయ ఎప్పుడు పడుతుందో చెట్టుకే తెలియదు, ఎండిన మట్ట అంతకంటే తెలియకుండా పడుతుంది. తిత్లీకి ఆ తోటలు నేలకొరిగాయి. ఆనాటి గాలికి నిలిచి వంగిపోయిన చెట్లు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. వాటి ఏటవాలు నీడ ఎంత అందంగా ఉన్నా అది మధ్యాహ్నం కూర్చోవడానికే. సరుగుడు తోట సంగతి వేరు. వేర్లు పట్టి ఉండడం వల్ల నేల గట్టిగా ఉంటుంది, గాలి జల్లెడ పట్టినట్లు మెత్తబడి వస్తుంది, రాలిన ఆకు పరుపులా ఉంటుంది. ఆ పరుపే అగ్గిపుల్లకు ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి లోపల పొయ్యి వెలిగించే ఆలోచన ఉన్నవారు తోటలోకి అడుగు పెట్టకూడదు. మేము తోట లోపలికీ పోలేదు, బయట ఎండ ఇసుకలోనూ ఉండలేదు. సముద్రం వైపు మొదటి వరుస చెట్లకు ముందు, పాకుడు తీగ దట్టంగా పరచుకున్న దానికి వెనుక, కొంచెం మెరకగా ఖాళీగా ఉన్న ఒక జాగా దగ్గర ఆగాము. వంట సామాను తీసుకురాలేదు. పులిహోర, అరిసెలు, జంతికలు, రెండు ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు, అంతే.

అయినా అదే మా చోటని తేలడానికి ఇంకా సమయం పట్టింది. మేనల్లుడు పట్టా పరచబోతుంటే, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన దూరం నుండి చూసి లేచి వచ్చి, "ఏటి బాబూ, ఇక్కడేటి ఏస్తన్నారు? తెల్లారగట్ల ఇటే అలివి వల లాగుతాం, తాడు మీ మీదనుండే ఎల్తాది" అన్నాడు. మా చోటు ఒడ్డుకు అంత దూరంలో ఉన్నా తాడు అక్కడికి ఎలా వస్తుందని నేను అడిగాను. అలివి వలను పడవలో తీసుకువెళ్ళి సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడిచి, రెండు చివరల తాళ్ళనూ ఒడ్డు మీద రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. లాగుతున్న కొద్దీ మనుషులు వెనక్కి, వెనక్కి, సరుగుడు దాకా నడుస్తారు. చివరకు చేరినవాడు తాడు వదిలి మళ్ళీ నీటి దగ్గరకు పోయి పట్టుకుంటాడు. మేము ఎంచుకున్న ఖాళీ అంత చక్కగా ఖాళీగా ఉండడానికి కారణం వారి పాదాలేనన్నమాట. అంత దూరం నుండి గట్టు, గీత, మొక్క అన్నీ చదివిన నాకు ఆ నేల మీది నడక మాత్రం కనిపించలేదు. ఆ ముసలాయనే మమ్మల్ని నూరు అడుగులు ఉత్తరంగా తీసుకుపోయి, పడవలు ఎక్కించే దారి, చేపలు ఆరబెట్టే చోటు, వలలు పరచే చోటు చేతితో చూపించి, వాటికి అవతల ఒక జాగాలో కర్రతో గిరి గీసి ఇచ్చాడు. "ఇది ఎవులిదీ కాదు, ఏసుకోండి" అన్నాడు. మా మేనల్లుడికి సైటు అంకె దొరికినంత సంతోషం కలిగింది.

ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పాడు, అది మర్యాదగా రాయడం కొంచెం కష్టం. తెల్లవారుజామున ఊరివారిలో కొందరు తీరానికి వచ్చేది సముద్రాన్ని చూడడానికి కాదు, ఆ వైపు ఏది ఆడవారి జాగా, ఏది మగవారి జాగా అన్నది ఊరికి తెలుసు, మనకు తెలియదు. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడి గుడారం వేసిన వారు ఉదయాన్నే ఎంత ఇబ్బంది పడతారో, పాపం ఊరివారిని ఎంత ఇబ్బంది పెడతారో ఊహించుకోవచ్చు.

ఇక తాబేళ్ళ చిక్కు. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే ఆడ తాబేళ్ళు రాత్రిపూట మన ఒడ్డుకు ఎక్కి, పోటు గీతకు పైన ఇసుక తవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతాయి. గుడ్లకు కావలసిన చోటూ, గుడారానికి కావలసిన చోటూ ఒకటే: నీరు అందకూడదు, మరీ దూరం కాకూడదు. కాబట్టి తాబేలుకు ముందు వరుస వదిలి మనమే వెనక్కి జరగాలి. చట్టం మాట సరేసరి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. దీపం వాటికి ఇంకా పెద్ద శత్రువు. ఒడ్డు మీద వెలుగు చూస్తే ఎక్కబోయే తాబేలు వెనుదిరుగుతుంది, ఏడు ఎనిమిది వారాల తరువాత గుడ్డులోంచి వచ్చే పిల్లలు సముద్రపు మెరుపు అనుకుని దీపం వైపు నడిచి కుక్కల పాలవుతాయి. అందుకే గుడారం తలుపు సముద్రం వైపు కాకుండా పక్కకు పెట్టాము, బ్యాటరీ దీపానికి ఎర్రని జిలుగు కాగితం చుట్టాము, చలిమంట వేయలేదు. చలిమంట లేని గుడారం ఏం గుడారమని పెద్ద పిల్లవాడు అరగంట అలిగాడు.

తలుపు పక్కకు పెట్టడానికి గాలి కూడా ఒక కారణమే. సాయంత్రం వరకు గాలి సముద్రం నుండి వీస్తుంది, రాత్రి నేల చల్లబడ్డాక అది నేల మీద నుండి సముద్రానికి తిరుగుతుంది, తెల్లవారుజామున మహేంద్రగిరి వైపు నుండి వచ్చే ఆ చలి గాలి సంక్రాంతి రోజులలో ఎముకలు కొరుకుతుంది. తలుపు సముద్రానికి ఎదురుగా పెడితే సాయంత్రం లోపలంతా ఇసుక, కొండ వైపు పెడితే తెల్లవారుజామున లోపలంతా చలి. గుడారంతో వచ్చిన సన్నని ఇనుప మేకులు ఇసుకలో వెన్నలో పుల్లలా ఊడివచ్చాయి. దానికి విరుగుడుగా ఖాళీ యూరియా సంచులు ఎనిమిది ఇంటి నుండే తెచ్చాను. సంచిలో సగం వరకు ఇసుక నింపి, మూతి బిగించి దానికి తాడు కట్టి, మోచేయి లోతున అడ్డంగా పూడ్చి పైన తొక్కితే, మనిషి వేలాడినా కదలదు. కాలిఫోర్నియాలో కొన్న ఖరీదైన గుడారానికి యూరియా సంచులు కట్టడం చూసి మేనల్లుడి భార్య ఫొటో తీసి అక్కడి స్నేహితులకు పంపింది.

రాత్రి భోజనాల వేళకు బ్యాటరీ దీపం ఆర్పి అందరము ఒడ్డు దాకా నడిచాము. మధ్యాహ్నం మేనల్లుడు తట్టి చూసిన గచ్చు నేల లేదు, దాని మీద నల్లని నీరు వచ్చిపోతున్నది. అతడు ఏమీ అనలేదు గాని మా గుడారం వైపు తిరిగి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. తాబేలు మాకు కనిపించలేదు. రెండుసార్లు ఊరకుక్కలు వచ్చి అరిసెల డబ్బా మూత ఊడదీయబోయాయి, రకూన్ల అనుభవం ఉన్న పిల్లలే ముందు లేచి వాటిని అదిలించారు. తెల్లవారేసరికి గుడారం గుడ్డ లోపలి వైపు కూడా మంచుకు చెమర్చి, ముట్టుకుంటే నెత్తిన బొట్లు పడ్డాయి. రెండు వైపులా గాలి ఆడేటట్లు కిటికీలు కొంచెం తెరచి ఉంచవలసింది, చలికి భయపడి మూసింది నేనే.

అయిదున్నరకు లాగుడు కేకలు వినిపించాయి. నిన్న మేము పట్టా పరచబోయిన జాగా మీదుగానే తాడు వచ్చింది, ఇరవై మందికి పైగా మనుషులు దానిని నడుముకు ఆనించుకుని వెనక్కి నడుస్తూ సరుగుడు వరుస వరకు వచ్చి, వదిలి, మళ్ళీ నీటి దగ్గరకు పోతున్నారు. పిల్లలు ఇద్దరూ ముసలాయన వెనుక చేరి తాడు పట్టుకున్నారు. వలలో కవళ్ళు, కొన్ని కానాగంతలు, నాలుగైదు పీతలు పడ్డాయి. మాకు ఒక గిన్నెడు కవళ్ళు ఇచ్చి డబ్బు తీసుకోనన్నాడు, పిల్లలు లాగిన దానికి కూలి అన్నాడు.

ఎండ ఎక్కేలోగా గుడారం విప్పాము. సంచులు తవ్వి తీస్తే ఏడే వచ్చాయి. ఎనిమిదవది, తాడు ఊడిపోయిన చోట, రాత్రి గాలికి ఇసుక కప్పేసి ఎక్కడుందో తెలియలేదు. వదిలేసి పోదామని మేనల్లుడి భార్య అన్నది, ఈ నెలలోనే తాబేలు అక్కడ తవ్వవచ్చునని మేనల్లుడు ఒప్పుకోలేదు. అరగంట మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వి, తాను పూడ్చానని అనుకున్న చోటికి మూడు జానల దూరంలో దానిని పట్టుకుని, ఇసుక కుమ్మరించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.